గుడారం లేకుండా, లీన్‌టూను నమ్ముకుని అడిరాండాక్స్ అడవికి వెళ్లవచ్చా?

న్యూజెర్సీలో ఉంటున్న ఒక తెలుగు మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. అక్టోబరు రెండో వారాంతంలో నలుగురు పెద్దలు, పన్నెండు, పదిహేనేళ్ల పిల్లలిద్దరు కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్స్ కొండలకు వెళ్లి, మార్సీ శిఖరం ఎక్కి, రెండు రాత్రులు లేక్ కోల్డెన్ అనే సరస్సు దగ్గర లీన్‌టూలో, అంటే ఒక పక్క తెరిచి ఉండే దుంగల పాకలో, పడుకోవాలనుకుంటున్నారు. పటంలో అక్కడ లీన్‌టూలు చాలానే కనిపిస్తున్నాయి కాబట్టి గుడారాలు మోయడం మానేయవచ్చా, తెరిచి ఉన్న ముందు భాగానికి ప్లాస్టిక్ పట్టా కట్టుకోవచ్చా, ముందుగా బుక్ చేసుకునే వీలుందా, ఎలుగుబంట్ల సంగతేమిటి అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. గుడారాలు మోయక తప్పదు. ఆ అడవి లోపలి లీన్‌టూలను ఎవరూ బుక్ చేసుకోలేరు, ముందు పట్టా కట్టకూడదు, ఎలుగుబంట్ల కోసం గట్టి డబ్బా తీసుకువెళ్లడం అక్కడ చట్టం. లీన్‌టూలో పడుకోవద్దని నేను అనడం లేదు. పదహారేళ్లుగా ఈ అడవుల్లో తిరుగుతున్న నాకు గుడారంలో కంటే లీన్‌టూలోనే మంచి నిద్ర పట్టిన రాత్రులు ఎక్కువ. కానీ అది దొరికితే సంతోషించవలసిన చోటే తప్ప, దొరుకుతుందని లెక్క వేసుకుని బయలుదేరవలసిన చోటు కాదు.

ఎప్పుడూ చూడనివారి కోసం లీన్‌టూ ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. మన ఊళ్లలో ఇంటి ముందరి వసారాకు మూడు పక్కలా దుంగలతో గోడలు కట్టి, దాన్ని ఇంటి నుంచి విడదీసి అడవిలో పెడితే ఎలా ఉంటుందో ఇంచుమించు అలాగే ఉంటుంది. నాలుగో పక్క గోడ గానీ తలుపు గానీ తెర గానీ ఉండవు. కప్పు ముందు వైపు ఎత్తుగా ఉండి కొద్దిగా బయటికి చూరు దిగుతుంది, వెనక్కి పోయేకొద్దీ వాలిపోయి, వెనక గోడ దగ్గర లేచి కూర్చుంటే తలకు తగిలేంత కిందికి వస్తుంది. నేల చెక్కలతో, మట్టికి పైన ఎత్తుగా ఉంటుంది. ముందు అంచున ఉన్న లావుపాటి దుంగ మీద కూర్చుని బూట్లు విప్పుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి అడవి గైడ్లు వేటకూ చేపలకూ వచ్చే పట్నవాసుల కోసం కొమ్మలూ చెట్ల బెరడూ కప్పి అప్పటికప్పుడు కట్టిన పాకలే వీటికి మూలం. ఇప్పుడున్న దుంగల లీన్‌టూలు అడిరాండాక్స్‌లో రెండు వందలకు పైగా ఉన్నాయి. చాలావాటిని స్వచ్ఛంద కార్యకర్తలు దత్తత తీసుకుని చూసుకుంటారు.

ఇక బుకింగ్ విషయం. రాష్ట్ర ప్రభుత్వ అటవీ భూమిలోని లీన్‌టూలు ఉచితం, ముందు వచ్చినవారికి ముందు చోటు. అయితే ముందు వచ్చినంత మాత్రాన అది మీది కాదు. మన సత్రాల పద్ధతే ఇక్కడా. మామూలుగా ఒక లీన్‌టూకు ఎనిమిది మంది పరిమితి. ఆ ఎనిమిది నిండేదాకా వచ్చినవారికల్లా చోటు ఇవ్వాలని నిబంధన. మీరు ఆరుగురు ముందుగా చేరి సామాన్లు పరుచుకున్నా, చీకటి పడ్డాక ఇద్దరు అపరిచితులు వస్తే జరిగి చోటివ్వవలసిందే. దీన్నే తిరగేసి చూడండి. మీరు చేరేసరికి అక్కడ ముగ్గురు ఉన్నారంటే మీ ఆరుగురికీ చోటు లేనట్టే, ఒకరు బయట పడుకోవాలి. ఇద్దరు ముగ్గురు వెళ్లేవారికి లీన్‌టూ దొరికే అవకాశం ఎప్పుడూ ఎక్కువే. ఆరుగురి గుంపుకు అది దాదాపు అదృష్టం మీద ఆధారపడిన విషయం. మార్సీ శిఖరం ఉన్న హై పీక్స్ ప్రాంతంలో రాత్రి బస చేసే గుంపు ఎనిమిది మందికి మించకూడదు కాబట్టి మరో కుటుంబాన్ని కలుపుకోవాలన్న ఆలోచన ఉంటే దాన్నీ ఇక్కడే మానుకోండి.

పైగా మీరు ఎంచుకున్న వారాంతం సంవత్సరంలోకెల్లా రద్దీగా ఉండేవాటిలో ఒకటి. అక్టోబరు రెండో సోమవారం అమెరికాలో కొలంబస్ దినం. అదే సోమవారం కెనడాలో థాంక్స్‌గివింగ్ సెలవు. మాంట్రియల్ అక్కడికి రెండు గంటల ప్రయాణం. రెండు దేశాల సెలవులూ, రాలబోయే ఆకుల రంగులూ ఒకేసారి రావడంతో శుక్రవారం మధ్యాహ్నానికే, మార్సీ వెళ్లే దారిలోని మార్సీ డ్యామ్ దగ్గర లీన్‌టూలు నిండిపోవడం నేను చూశాను.

గుడారం ఎందుకు తప్పదో నా చేతి మీదుగా జరిగిన ఒక రాత్రి చెబితే అర్థమవుతుంది. కొన్నేళ్ల కిందట అక్టోబరులోనే, లేక్ కోల్డెన్ వైపు ఒక లీన్‌టూలో మేము ఆరుగురం, అందులో నలుగురు నాకు ఆ సాయంత్రమే పరిచయమైనవారు, వాన మొదలయ్యాక తొందరగా పడుకున్నాము. రాత్రి తొమ్మిది దాటాక రెండు హెడ్‌ల్యాంపుల వెలుతురు చెట్ల మధ్య ఊగుతూ వచ్చింది. కెబెక్ నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థులు, పూర్తిగా తడిసిపోయి ఉన్నారు. పటంలో లీన్‌టూ గుర్తులు చూసి గుడారాన్ని కారులోనే వదిలేశారట. దారిలో మొదటిది నిండిపోయింది, రెండోదీ నిండిపోయింది, మూడోది మాది. వారిలో చిన్నవాడు ముందు దుంగ మీద కూర్చుని బూటు లేసు ముడి విప్పబోయాడు. వేళ్లు లేసును పట్టుకుంటున్నాయి గానీ బిగించలేకపోతున్నాయి. ముడి జారిపోతుంటే మళ్లీ పట్టుకుంటున్నాడు. నేను అడిగినదానికి సగం మాటలు మింగుతూ జవాబు చెప్పాడు. శరీరం లోపలి వేడి పడిపోతున్నప్పుడు మొదట కనిపించే గుర్తులు అవే, చేతులు పట్టు తప్పడం, మాట తడబడటం. మేమే ముడి విప్పి, తడి బట్టలు మార్పించి, వేడి నీళ్లు నింపిన సీసాను స్లీపింగ్ బ్యాగులో పెట్టి, ఇద్దరి మధ్య పడుకోబెట్టాము. ఒక గంటకు మామూలు మనిషి అయ్యాడు. ఆ రోజు మా లీన్‌టూలో సరిగ్గా రెండు చోట్లు మిగిలి ఉన్నాయి. లేకపోయినా ఆ స్థితిలో ఉన్న మనిషిని ఎవరూ బయటికి పంపరు గానీ, పిల్లలతో వెళ్లేవారు అలా ఒకరి దయ మీద ఆధారపడి బయలుదేరకూడదు.

లీన్‌టూ నిండి ఉంటే చెట్ల కింద ఎక్కడంటే అక్కడ గుడారం వేసుకోవడానికి కూడా వీల్లేదు. దారికి, నీటికి నూట యాభై అడుగుల లోపల బస చేయకూడదన్నది అడిరాండాక్స్ అంతటికీ వర్తించే నిబంధన. ‘ఇక్కడ బస చేయండి’ అని రాసిన పసుపుపచ్చ బిళ్ల చెట్టుకు కొట్టి ఉన్న చోట్లు మాత్రమే దీనికి మినహాయింపు. మీరు వెళ్లే దారిలో ఆ బిళ్లలున్న చోట్లనే వాడుకోండి, మార్సీ డ్యామ్ దగ్గరా లేక్ కోల్డెన్ దగ్గరా అవి ఉన్నాయి. లీన్‌టూ లోపల గుడారం వేయడం కూడా నిషేధమే. ముగ్గురు పట్టే చోటును ఒక గుడారం మింగేస్తుంది కాబట్టి ఆ నిబంధన న్యాయమైనదే.

పట్టా సంగతి. ముందు భాగాన్ని ప్లాస్టిక్‌తో మూయడాన్ని నిబంధనలే ఒప్పుకోవు. ఆ నిబంధన లేకపోయినా నేను వద్దనే చెబుతాను. పట్టా కట్టడానికి జనం కొట్టిన మేకుల రంధ్రాల్లోకి నీరు దిగి దుంగలు పుచ్చిపోతాయి. గాలి వీస్తే పట్టా రాత్రంతా టపటపా కొట్టుకుని ఎవరినీ నిద్రపోనివ్వదు. లోపల చోటు ఉందో లేదో బయటి నుంచి వచ్చేవారికి కనిపించదు. అన్నిటికీ మించి, పట్టా కట్టుకున్నవారు కాసేపటికి దాని చాటునే స్టవ్ వెలిగించడం నేను రెండుసార్లు చూశాను. గ్యాస్ స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మూసిన చోట అది ప్రాణం తీస్తుంది. లీన్‌టూను కాపాడేది దాని తెరిచి ఉన్న పక్కే.

తెరిచి ఉండటం వల్ల వచ్చే నష్టం చలి. చిన్న గుడారంలో ఇద్దరు పడుకుంటే వారి ఒంటి వేడికి లోపలి గాలి బయటి కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. లీన్‌టూలో ఆ మేలు లేదు, బయట ఎంతో లోపలా అంతే. ముందు భాగం గాలికి ఎదురుగా ఉంటే ఇంకా చల్లగా అనిపిస్తుంది. చెక్కల నేల కింద కూడా గాలి ఆడుతుంది, కాబట్టి పలుచటి చాప చాలదు. కింద పరుచుకునే ప్యాడ్ మీద ఆర్-వాల్యూ అని రాసి ఉండే అంకె, అంటే అది నేల చలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, నాలుగుకు తగ్గకుండా చూసుకోండి. స్లీపింగ్ బ్యాగు మీద పెద్ద అక్షరాలతో ఉండే ఉష్ణోగ్రత చాలాసార్లు హాయిగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత కాదు, అలవాటున్న మనిషి ముడుచుకుని తట్టుకోగలిగిన కనిష్ఠం. లేబులులో ‘కంఫర్ట్’ అని విడిగా ఉండే అంకెను చూడండి. అక్టోబరు రెండో వారంలో అక్కడ రాత్రుళ్లు నీరు గడ్డకట్టే స్థాయికి, అంటే 32 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగడం మామూలే. మార్సీ 5,344 అడుగులు, న్యూయార్క్ రాష్ట్రంలోకెల్లా ఎత్తైన శిఖరం, పైన ఆ వేళకే మంచు పడి ఉండవచ్చు. లేక్ కోల్డెన్ దాదాపు 2,760 అడుగుల ఎత్తున ఉంది. పల్లపు ఊళ్ల కంటే అక్కడ ఎప్పుడూ చలి ఎక్కువే.

లాభం కూడా చెప్పాలి కదా. కప్పు ఉండటం వల్ల మంచు బిందువులు స్లీపింగ్ బ్యాగు మీద దిగవు. గుడారంలో మన ఊపిరి తడి గోడలకు పట్టి తెల్లవారేసరికి కారుతుంది, ఇక్కడ ఆ బాధ లేదు. వాన కురిసే ఉదయం గుడారంలో మోకాళ్ల మీద కూర్చుని సర్దుకోవడానికీ, లీన్‌టూ చూరు కింద నిలబడి, వాన చూస్తూ పొడిగా సంచి కట్టుకోవడానికీ ఉన్న తేడా ఒకసారి అనుభవించాక నేను పోటీ పడి మరీ లీన్‌టూలు వెతుకుతున్నాను.

ఎలుగుబంట్ల విషయానికి వస్తే, ఇక్కడివి నల్ల ఎలుగుబంట్లు, అవి మీ కోసం రావు, మీ తిండి కోసం వస్తాయి. మీరు వెళ్లే తూర్పు హై పీక్స్ భాగంలో ఏప్రిల్ 1 నుంచి నవంబరు 30 వరకు రాత్రి బస చేసేవారు బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి డబ్బా, తప్పనిసరిగా వాడాలి. తాడుతో చెట్టుకు కట్టడం అక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ ఎలుగులు తాళ్లు తెంపడం ఎప్పుడో నేర్చుకున్నాయి. అంతెందుకు, రెండు చెవులకూ పసుపు బిళ్లలు ఉండటం వల్ల ‘ఎల్లో ఎల్లో’ అని పేరుపడ్డ ఒక ఆడ ఎలుగు ఒక రకం డబ్బా మూతను పళ్లతో తిప్పి తెరవడం నేర్చుకుని ఈ ప్రాంతమంతా ప్రసిద్ధి చెందింది, 2012లో వేటగాడి చేతిలో చనిపోయింది. వంట, భోజనం, డబ్బా దాచడం, ఈ మూడూ పడుకునే చోటుకు కనీసం వంద అడుగుల దూరంలో, వెలుతురు ఉండగానే పూర్తి చేయండి. టూత్‌పేస్టు, సబ్బు, పెదవులకు రాసుకునే మైనం కూడా డబ్బాలోకే వెళ్లాలి, వాటికీ వాసన ఉంటుంది.

మనవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, అది ఆవకాయ. హై పీక్స్‌లో గాజు సీసాలు నిషేధం కాబట్టి సీసాతో తీసుకెళ్లకూడదు. ప్లాస్టిక్ సంచిలో కడితే నూనె కారి, డబ్బా అంతా, సంచి అంతా, చివరికి స్లీపింగ్ బ్యాగు దాకా వెల్లుల్లి వాసన పాకుతుంది. ఆ తర్వాత డబ్బా ఎంత గట్టిదైనా ఏం లాభం? పొడులు మేలు, కందిపొడి గానీ కరివేపాకు పొడి గానీ. పులిహోర మొదటి రోజుకు చక్కగా ఉంటుంది. రెండో రోజుకు అటుకులు, వేడి నీళ్లు పోస్తే చాలు. ఆరుగురికి రెండు రాత్రుల తిండి ఒక డబ్బాలో పట్టదు, రెండు మూడు కావాలి. అక్కడి దుకాణాల్లో అద్దెకు దొరుకుతాయి గానీ సెలవు వారాంతంలో అయిపోతాయి, ముందే సంపాదించుకోండి.

నిజానికి లీన్‌టూలో మీ నిద్ర చెడగొట్టేది ఎలుగు కాదు, ఎలుక. అది తరతరాలుగా అక్కడే కాపురం ఉంటోంది, మనమే అతిథులం. ఒకసారి నా సంచి నడుము పట్టీ జేబులో ఒక పల్లీ చిక్కీ ముక్క మరిచిపోయాను. జిప్ వేసే ఉంది. తెల్లవారి చూస్తే జిప్ పక్కన రూపాయి బిళ్లంత గుండ్రటి రంధ్రం, చుట్టూ నైలాన్ పోగులు, లోపల కాగితం మాత్రం ఎంతో మర్యాదగా మిగిలి ఉంది. అప్పటి నుంచి పడుకునే ముందు జేబులన్నీ ఖాళీ చేసి, జిప్‌లన్నీ తెరిచే ఉంచుతాను. ఎలుక లోపలికి వెళ్లి ఏమీ లేదని చూసుకుని వెళ్లిపోతుంది, గుడ్డ కొరకవలసిన పని ఉండదు. జార్జియా నుంచి మెయిన్ దాకా సాగే అపలాచియన్ కాలిదారి మీద చాలా షెల్టర్లలో కప్పు నుంచి తాళ్లు వేలాడుతూ, మధ్యలో బోర్లించిన ఖాళీ డబ్బా ఒకటి ముడికి కట్టి ఉంటుంది. సంచి దానికి తగిలిస్తే తాడు మీదుగా దిగే ఎలుక ఆ డబ్బా అంచు దాటలేదు. అది ఎలుకల కోసమే గానీ ఎలుగుల కోసం కాదు. నేల మీద ఎలుక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్చి దుమ్ము లేపకండి, తడి చేసి తుడవండి. వాటి నుంచి ఊపిరితిత్తులను దెబ్బతీసే హంటావైరస్ గాలిలోకి చేరవచ్చు. అలాగే నలుగురూ వాడే ఇలాంటి చోట్ల వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ పాకుతుంది, దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు. నీటికి దూరంగా వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాగు నీళ్లను వడగట్టి గానీ మరిగించి గానీ తాగండి.

లోపల పద్ధతుల గురించి కొంచెం. బూట్లు అంచున విప్పండి, బురద పడుకునే చెక్కల మీదికి రాకూడదు. చోటు కొలత ఒకరి ప్యాడ్ వెడల్పు, అంతకు మించి సామాను పరచకండి. పిల్లలను మధ్యలో పడుకోబెట్టండి. నేల అంచు నుంచి కిందికి అడుగున్నర రెండడుగులుంటుంది, నిద్రమత్తులో లేచిన పిల్లవాడు చీకట్లో అక్కడే పడతాడు, కాబట్టి దీపం ప్రతి ఒక్కరి తల పక్కనే ఉండాలి. పాటల స్పీకర్లకు హై పీక్స్‌లో అనుమతి లేదు. చలిమంటలకు కూడా మీరు వెళ్లే భాగంలో అనుమతి లేదు, లీన్‌టూ ముందు పాత రాళ్ల పొయ్యి కనిపించినా సరే. గురక పెట్టేవారు మీలో ఉంటే వారికి గుడారం ఇవ్వడం తోటివారికి మీరు చేయగల పెద్ద ఉపకారం, ఈ మాట మా ఇంటి అనుభవంతో చెబుతున్నాను. దగ్గరలో మరుగుదొడ్డి ఉంటే అదే వాడండి, లేకపోతే నీటికి, దారికి నూట యాభై అడుగుల దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తవ్వాలి.

ఈ నిబంధనలన్నీ ప్రతి అడవిలోనూ ఇలాగే ఉంటాయని అనుకోకండి. అపలాచియన్ దారి మీద రెండు వందల యాభైకి పైగా షెల్టర్లున్నాయి, వాటిలో చాలావరకు ముందు వచ్చినవారివే. కానీ గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ పార్కులో మామూలు యాత్రికులు షెల్టర్‌ను ముందే రిజర్వు చేసుకుని అనుమతి పత్రం తీసుకోవాలి. ఒకప్పుడు అక్కడి షెల్టర్ల ముందు ఇనుప కంచె ఉండేది. కంచె లోపల క్షేమంగా ఉన్నామన్న ధైర్యంతో జనం ఎలుగులకు తిండి అందించడం మొదలుపెట్టడంతో, వాటిలో చాలావరకు తీసేశారు.

మీకు నా సలహా అడిగితే, పిల్లలతో మొదటిసారి కాబట్టి రెండు మార్గాలు చూడండి. ఒకటి, హార్ట్ లేక్ దగ్గర అడిరాండాక్ మౌంటెన్ క్లబ్ నడిపే క్యాంపుగ్రౌండ్‌లో డబ్బు కట్టి ముందే బుక్ చేసుకోగల లీన్‌టూలున్నాయి. అక్కడి నుంచి మార్సీ డ్యామ్ రెండు మైళ్ల పైచిలుకు, మార్సీ శిఖరం ఏడు మైళ్ల పైచిలుకు. తెల్లవారుజామునే బయలుదేరితే పదిహేనేళ్లవాడు పెద్దలతో పైదాకా వెళ్లి రాగలడు, చిన్నవాడు మార్సీ డ్యామ్ దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. రాత్రికి చోటు ఖాయం, కారు దగ్గరే ఉంటుంది. ఇది నాకు ఎక్కువ నచ్చిన మార్గం.

రెండోది, లేక్ కోల్డెన్ వెళ్లాలనే ఉంటే ముందుగా సెప్టెంబరులో ఒక రాత్రి మీ ఇంటికి దగ్గరలోని హారిమన్ స్టేట్ పార్కులో గడిపి చూడండి. 1923లో అపలాచియన్ దారి మొదటి భాగం తెరిచింది ఆ అడవిలోనే. అక్కడివి రాతి షెల్టర్లు, బుకింగ్ లేదు, గుడారం వేసుకోవాలన్నా షెల్టర్‌కు మూడు వందల అడుగుల లోపలే వేయాలి. బిగ్ హిల్ షెల్టర్ ముందు కూర్చుంటే ఆకాశం తేటగా ఉన్న రాత్రి దూరాన మాన్‌హటన్ దీపాలు కనిపిస్తాయి, పిల్లలకు నచ్చుతుంది. ఎండాకాలం చివర ఆ కొండల మీద ఊటలు ఎండిపోతాయి కాబట్టి నీళ్లు కింది నుంచే మోసుకెళ్లండి. ఎలుగుల సంచారం వల్ల కొన్ని షెల్టర్లను అప్పుడప్పుడు మూసేస్తుంటారు, బయలుదేరే ముందు పార్కు ప్రకటనలు చూసుకోండి. ఆ ఒక్క రాత్రిలో ఎవరి స్లీపింగ్ బ్యాగు చాలదో, ఎవరికి కొత్త చోట నిద్ర పట్టదో తేలిపోతుంది.

అడవి దారి మొదట్లో పెట్టె లోపల రిజిస్టరు పుస్తకం ఉంటుంది, అందులో ఆరుగురి లెక్కా, మీరు ఎక్కడ పడుకోబోతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో తప్పక రాయండి. తిరిగి వచ్చాక అందులోనే సంతకం చేసి వెళ్లండి, లేకపోతే మీరు ఇంకా అడవి లోపలే ఉన్నారని రేంజర్లు అనుకోవచ్చు. మీ స్లీపింగ్ బ్యాగుల లేబుళ్ల మీద ‘కంఫర్ట్’ పక్కన ఏ అంకెలున్నాయో, గుడారాలు ఎన్ని ఉన్నాయో ఇక్కడే రాస్తే, ఏవి చాలతాయో, ఏవి అద్దెకు తెచ్చుకోవాలో చూసి చెబుతాను.